రెండు ఆషాఢాల ఏడాది

కొత్తగా కాన్పుల వార్డులో చేరిన డాక్టర్లు మా ఇంటికి వస్తే ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. నొప్పులు వాటంతట అవి రాకపోతే మందు పెట్టి తెప్పిస్తాం కదా మేడమ్, అలా తెప్పించినప్పుడు మామూలు కాన్పు అవుతుందో, ఆపరేషన్ దాకా వెళ్తుందో ముందే ఎలా పసిగట్టేవారు అని. పుస్తకంలో ఉన్న జవాబు వాళ్ళకి నాకంటే బాగా వచ్చు. నా నోట్లోంచి ఏదో కిటుకు రాలుతుందని వాళ్ళ ఆశ. కిటుకేమీ లేదు. నా దగ్గర ఉన్నది నేను చేసిన ఒక తప్పు. అది చెప్పటానికే ఇది రాస్తున్నాను. రిటైరై ఇన్నేళ్ళయ్యాక మొహమాటపడి ప్రయోజనం లేదు.

నా ప్రమోషన్లు, బదిలీలు, పై ఆఫీసులతో పడ్డ తగాదాలు ఇందులో ఉండవు. మనుషుల పేర్లు మార్చాను. నేను పనిచేసిన ఆసుపత్రులు ఫలానావని చెప్పను.

గుడివాడలో నేర్చుకున్నది

చదువు పూర్తవగానే గుడివాడలో ఒక నర్సింగ్ హోములో చేరాను. దాన్ని నడిపే ఆవిడని అందరూ పెద్ద డాక్టరమ్మ గారు అనేవారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆవిడ కేకేస్తే పక్క వీధిలో మందుల షాపు అతను కూడా లేచి నిలబడేవాడు. నన్ను తిట్టని రోజు లేదు. అయినా ఈ పని నాకు నేర్పింది ఆవిడే.

నొప్పులు తెప్పించే ముందు గర్భాశయం మూతి ఎలా ఉందో చేత్తో పరీక్ష చేసి చూస్తాం. ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, మెత్తబడిందా లేదా, ఎటు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత కిందికి దిగింది. ఈ ఐదింటికీ మార్కులు వేసి కూడితే పదమూడుకి ఇన్ని అని వస్తుంది. ఎనిమిది దాటితే నొప్పులు మనం తెప్పించినా, వాటంతట అవి వచ్చినా పెద్ద తేడా ఉండదు. ఐదు లోపు ఉంటే మాత్రం ఆ ఒళ్ళు ఇంకా సిద్ధంగా లేదన్నమాట. ముందు జెల్ పెట్టి మెత్తబరచాలి, ఓపిక పట్టాలి, అప్పటికీ అవకపోవచ్చు.

పెద్ద డాక్టరమ్మ గారు ఇంకో పని చేయించేవారు. మందు మొదలుపెట్టే ముందు మేం ఒక్కొక్కళ్ళం చీటీ రాసి ఒక బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. ఎన్ని గంటల్లో కాన్పు అవుతుంది, అవకపోతే ఏ కారణంతో ఆగుతుంది. కాన్పయ్యాక చీటీలు విప్పేవారు. సరిగ్గా చెప్పినవాళ్ళని మెచ్చుకున్నది ఎప్పుడూ లేదు. తప్పు చెప్పినవాళ్ళని మాత్రం నిలబెట్టి, ఏం చూసి అలా అనుకున్నావో చెప్పు అని గంటసేపు పీక్కుతినేవారు. రెండేళ్ళకి నా చీటీలు పదికి తొమ్మిది నిజమయ్యేవి. అప్పటినుంచి నాకు పొగరొచ్చింది. నిజం చెప్పాలంటే ఈ కథంతా ఆ పొగరు గురించే.

అక్కడ ఒక విషయం మాత్రం నేర్చుకోలేదు, నేర్చుకునే అవసరం రాలేదు. గుడివాడ చుట్టుపక్కల రైతుల ఇళ్ళ ఆడపిల్లలు నెలసరి వచ్చి బయటచేరిన రోజుని డైరీలోనో, క్యాలెండరు మీదో పెన్నుతో గుర్తు పెట్టుకునేవాళ్ళు. అడగ్గానే ఇంగ్లీషు తేదీ చెప్పేవాళ్ళు. వారాలు లెక్కపెట్టటం క్షణం పని.

దివిసీమ తేదీలు

తొంభైల మొదట్లో దివిసీమలో ఒక చిన్న ఆసుపత్రికి వచ్చాను. కాన్పుల డాక్టరుని నేనొక్కదాన్నే. మత్తు డాక్టరు కావాలంటే బందరు నుంచి రావాలి. బిడ్డకి ఊపిరి సరిగ్గా అందకపోతే జీపులో నది పాయ మీది అక్విడెక్టు వంతెన దాటించి, చల్లపల్లి మీదుగా బందరు పంపాలి. ఆ దారి మీద ఏం జరుగుతుందో మన చేతిలో ఉండేది కాదు.

నాగాయలంక అవతల సముద్రం అంచున ఉన్న ఊళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళని చివరిసారి ఎప్పుడు బయటచేరావమ్మా అని అడిగితే తేదీ చెప్పరు. వినాయక చవితికి ఐదు రోజుల ముందు అంటారు, కార్తీక పౌర్ణమి వెళ్ళిన మర్నాడు అంటారు. వాళ్ళకి తేదీ తెలియక కాదు. సముద్రంలో పోటూ పాటూ, అదే ఆటుపోట్లు, తిథిని బట్టే నడుస్తాయి, వేటకి వెళ్ళే ఇంట్లో అందరి నోటా తిథే ఉంటుంది. ఆ లెక్కలో వాళ్ళు పొరపాటుపడగా నేను చూడలేదు.

గోడ మీద క్యాలెండరు తిప్పి ఆ తిథికి ఇంగ్లీషు తేదీ వెతికి కేసు కాగితం మీద రాయటం నా పని. వాళ్ళు చెప్తుండగానే పేజీ తిప్పి తేదీ చదివేదాన్ని. మా నర్సు రత్నకుమారి రెండోసారి సరిచూద్దామంటే, ఎందుకమ్మా, ఇది నాకు కొట్టినపిండి అనేదాన్ని.

నేను అక్కడికి వచ్చిన కొన్నేళ్ళకి ఒక ఏడాది అధికమాసం వచ్చింది. ఆషాఢం రెండుసార్లు. ముందు అధిక ఆషాఢం, ఆ తర్వాత నిజ ఆషాఢం. క్యాలెండరులో జూలై నెలలో ఒక ఆషాఢ అమావాస్య ఉంది, పేజీ తిప్పితే ఆగస్టులో ఇంకొకటి ఉంది. నేను పేజీ తిప్పలేదు.

నాగమణి

నాగమణికి పందొమ్మిదేళ్ళు. పెళ్ళయి ఏడాది, తొలి కాన్పు. ఆమె తల్లి కోటమ్మ చేపలమ్ముకునే మనిషి, మాటకి మాట చెప్పగలదు. ఐదో నెలలో మొదటిసారి తీసుకొచ్చింది. ఆషాఢ అమావాస్య ఇంకో నాలుగు రోజులుందనగా పిల్ల బయటచేరిందని చెప్పింది. దాచిపెట్టిన పాత క్యాలెండరు తీసి, జూలైలో అమావాస్య చూసి, నాలుగు రోజులు వెనక్కి లెక్కపెట్టి తేదీ వేసేశాను. దాన్నిబట్టి ఏప్రిల్ మధ్యకి రోజులు నిండాలి.

ఏప్రిల్ మధ్య దాటి వారమైనా నొప్పులు రాలేదు. పొట్ట చూస్తే చిన్నగా ఉంది. చల్లపల్లిలో స్కానింగ్ చేయిస్తే బిడ్డ ముప్పై ఆరు వారాల సైజులో ఉందని రాసిచ్చారు. అప్పట్లో మా వైపు తొలి నెలల్లో స్కాన్ ఎవరూ చేయించేవాళ్ళు కాదు, పోల్చి చూడటానికి ఇంకోటి లేదు. నా లెక్క ప్రకారం నలభై ఒకటి నిండాయి. అంటే బిడ్డ ఎదగలేదు, పైగా రోజులు దాటిపోయాయి. రెండూ కలిస్తే ఆలస్యం చేయకూడదు. కిందటి నెలే రోజులు దాటిన ఒక బిడ్డ కడుపులోనే చనిపోయి పుట్టింది, ఆ భయం నాలో ఇంకా ఉంది. నాగమణిని చేర్చుకున్నాను.

పరీక్ష చేస్తే పదమూడుకి రెండు మార్కులు. మూతి గట్టిగా, వెనక్కి తిరిగి, మూసుకుని ఉంది. ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది. నలభై ఒక్క వారాలకి మూతి ఇంత పచ్చిగా ఉండటం అసలు జరగదని కాదు, కానీ అది ఒక ప్రశ్న. నేను దాన్ని మొండితనం అనుకున్నాను. జెల్ పెట్టాను. ఆరు గంటల తర్వాత మళ్ళీ పెట్టాను. మర్నాడు పొద్దున చూస్తే మార్కులు మూడు. నొప్పులు తెప్పించే డ్రిప్ ఎక్కించాను.

నొప్పులు వచ్చాయి. గట్టిగానే వచ్చాయి. మధ్యాహ్నం రెండింటిదాకా పిల్ల మంచం కమ్మీ పట్టుకుని మెలికలు తిరిగిపోయింది, మూతి మాత్రం ఒక వేలు కంటే తెరుచుకోలేదు. చెమటకి జాకెట్టు తడిసిపోయి, గొంతు పోయి, నాకు ఆపరేషన్ చేసెయ్యండి డాక్టరు గారూ అని నా చెయ్యి పట్టుకుని బతిమాలింది. అత్తగారి వైపు వాళ్ళు కూడా అదే అన్నారు. నాకూ వేరే దారి కనపడలేదు. ఉమ్మనీరు తీసి ఇంకో రెండు గంటలు చూద్దాం, అవకపోతే కోద్దాం అనుకున్నాను. బందరు ఫోన్ చేస్తే మత్తు డాక్టరు ఐదింటికల్లా వస్తానన్నాడు. రత్నకుమారి ఉమ్మనీటి సంచీ చిదిపే కొక్కెం ఉడికించి పళ్ళెంలో పెట్టింది.

ఒప్పుకోలు కాగితం మీద కోటమ్మ వేలిముద్ర వెయ్యాలి. మామూలుగా ఆ పని నర్సు చూసుకుంటుంది. ఆ రోజు నేనే వెళ్ళాను. రోజులు నిండి వారం దాటింది కోటమ్మా, ఇంక ఆగితే బిడ్డకి ప్రమాదం అని చెప్పి ఇంకు ప్యాడు ముందుకు జరిపాను. ఆమె బొటనవేలు ఇంకులో అద్దింది. అద్ది, కాగితం మీద పెట్టకుండా ఆగిపోయింది.

"వారం దాటటం ఏంటండీ? ఇంకా చైత్రమే వెళ్ళలేదు గదా. వైశాఖ పౌర్ణమికి అనుకుంటున్నాం మేము."

ఈవిడకి లెక్క తెలియదు అనుకున్నాను. ఎడమ చేతి వేళ్ళ కణుపుల మీద శ్రావణం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క నెలా వరసగా చెప్పింది. నా లెక్కలో ఒక నెల ఎక్కువుంది. ఆషాఢంలో అన్నావు కదా అన్నాను. అవునండీ ఆషాఢమే అంది. అప్పుడు ఆ ఏడాది ఆషాఢాలు రెండని గుర్తొచ్చింది. అధికమా, నిజమా అని అడిగాను.

"అధికం లెక్కలోకి రాదు గదండీ. ఆషాఢం అంటే నిజ ఆషాఢమే. కొత్త పెళ్ళికూతురు గదా, ఏది అసలుదో అన్న గొడవెందుకని రెండు ఆషాఢాలూ మా ఇంటికాడే ఉంచుకున్నాం. శ్రావణం వచ్చాక గానీ అత్తారింటికి పంపలేదు."

ఇంక సందేహానికి చోటు లేదు. ఆషాఢంలో కొత్త దంపతులని వేరుగా ఉంచుతారు. రెండు నెలలూ పిల్ల పుట్టింట్లో ఉంది. నేను వేసిన తేదీ నిజమైతే ఆ బిడ్డ మొగుడూ పెళ్ళాం కలవని రోజుల్లో కడుపున పడి ఉండాలి. స్కానింగు వాళ్ళు సరిగ్గానే చెప్పారు, పొట్ట సరిగ్గానే ఉంది, మూసుకున్న మూతి కూడా సరిగ్గానే చెప్పింది. బిడ్డకి ఇంకా ముప్పై ఏడు వారాలు నిండలేదు.

డ్రిప్ ఆపిన తర్వాత

పరిగెత్తుకెళ్ళి డ్రిప్ కట్టేశాను. కొక్కెం తీసెయ్యమన్నాను. రత్నకుమారి నా మొహం చూసి పళ్ళెం పట్టుకెళ్ళిపోయింది.

డ్రిప్ ఆపితే గంటలోపు నొప్పులు తగ్గాలి. గంటన్నర గడిచినా ఐదు నిమిషాలకొకటి వస్తూనే ఉన్నాయి. నేను మొదలుపెట్టిన పని నా చేతుల్లోంచి జారిపోయిందేమో అనిపించింది. పావుగంటకొకసారి పొట్ట మీద గొట్టం పెట్టి బిడ్డ గుండె లెక్కపెడుతూ కూర్చున్నాను. ఉమ్మనీరు దానంతట అదే పోతే ఇంక వెనక్కి రాలేం, ఆ బిడ్డ పుట్టి తీరాలి, పుట్టి ఊపిరందకపోతే మళ్ళీ ఆ జీపే దిక్కు. నాగమణి అదేం అర్థం కాక, ఆపరేషన్ ఎందుకు చెయ్యరు, నేను చచ్చిపోతే చేస్తారా అని ఏడ్చింది. అత్తగారి తాలూకు ఒకాయన బందరు తీసుకెళ్ళిపోతాం, కారు మాట్లాడతాం అని వరండాలో గొడవ పెట్టుకున్నాడు. అందరి మధ్యకీ వెళ్ళి, తేదీ నేను తప్పు వేశాను, బిడ్డకి ఇంకా నెల టైముంది, ఈ నొప్పులు నా మందు వల్ల వచ్చినవి, ఆగాలి అని చెప్పాను. ఆయన నన్ను అన్న మాటలు ఇక్కడ రాయను. అన్నీ న్యాయమైనవే.

ఐదింటికి మత్తు డాక్టరు వచ్చాడు. విషయం విని, రెండు బస్సులు మారి వచ్చాను మేడమ్ అని విసుక్కుని, టీ తాగి, వెళ్ళకుండా అక్కడే కుర్చీలో కూర్చున్నాడు. అవసరం పడొచ్చేమో, ఉంటాను అన్నాడు. ఆయన మంచితనం నేను మర్చిపోలేదు. ఆరింటికి నొప్పులు పది నిమిషాలకొకటి అయ్యాయి. ఏడింటికి పిల్ల నిద్రపోయింది. కోటమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది, ఆమె బొటనవేలి మీద ఇంకు అలాగే ఉంది.

నాలుగు రోజులుంచి ఇంటికి పంపాను. వైశాఖ పౌర్ణమి వెళ్ళిన రెండో రోజు నొప్పులతో వచ్చింది. పరీక్ష చేస్తే పది మార్కులు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆడపిల్ల పుట్టింది, పుడుతూనే వార్డంతా దద్దరిల్లేలా ఏడ్చింది. నేను పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకుని కాసేపు ఏడ్చాను.

మిగతా పేజీలు

కథ అక్కడితో అయితే నేను చెప్పుకోవటానికి బాగుండేది. డ్రిప్ ఆపిన మర్నాడు పొద్దున్నే రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. ఆ ఏడాది ఆషాఢం తేదీతో ఇంకా ఎవరెవరున్నారో చూడాలి గదా. ఎనిమిది మంది ఉన్నారు. ఏడుగురికి వాళ్ళంతట వాళ్ళకే నొప్పులొచ్చి కాన్పులయ్యాయి, లేదా ఇంకా కావాల్సి ఉంది. నా తప్పు వాళ్ళ జోలికి వెళ్ళలేదు. మిగిలిన ఒకామె ధనలక్ష్మి.

ఆమెకి మార్చిలో, నా లెక్కలో ముప్పై ఎనిమిది వారాలప్పుడు, బిడ్డ ఎదగటం లేదని నొప్పులు తెప్పించాను. మార్కులు ఒకటి. రెండు రోజులు చూసి ఆపరేషన్ చేశాను. మగబిడ్డ. పుట్టిన గంటకే ఊపిరికి ఎగపోతలు మొదలయ్యాయి. బందరు పంపాం. మూడో రోజు పోయాడు. కేసు కాగితంలో కారణం నేనే రాశాను, కడుపులో ఎదుగుదల లేని బిడ్డ అని.

అదే కాగితం మీద పై వరసలో రత్నకుమారి రాసిన మాటలున్నాయి. చెవులు మెత్తగా ఉన్నాయి, ఒంటినిండా నూగు ఉంది, అరికాళ్ళ మీద గీతలు లేవు. రోజులు నిండి చిక్కిపోయిన బిడ్డకి చెవులు గట్టిపడతాయి, నూగు రాలిపోతుంది, అరికాళ్ళ నిండా గీతలుంటాయి. ఆమె రాసింది నెలలు నిండని బిడ్డ గురించి. పుట్టినప్పుడు నోటితో కూడా చెప్పింది, బిడ్డ బాగా పచ్చిగా ఉందండీ అని. డాక్టరువి నువ్వా నేనా అని కసిరాను. ఆ మాట నాకు బాగా గుర్తుంది.

గుడివాడ వెళ్ళి పెద్ద డాక్టరమ్మ గారికి చెప్పుకున్నాను. తిడతారనుకున్నాను. ఆ తల్లికి చెప్పావా అని అడిగారు. లేదన్నాను. చెప్పు, ఇక్కడికొచ్చి నాకు చెప్తే ఏం లాభం అన్నారు.

చెప్పలేదు. పద్ధతులన్నీ మార్చాను. తిథి చెప్తే ముందూ వెనకా ఏ పండగ వచ్చిందో అడగటం, ఆ నెలలో పిల్ల ఏ ఇంట్లో ఉందో అడగటం, తల్లినీ అత్తనీ విడివిడిగా అడగటం, రత్నకుమారి కూడా వేరే కాగితం మీద లెక్క వేస్తే రెండూ కలిసాకనే తేదీ రాయటం. మార్కులు మూడు లోపు వస్తే మందు ముట్టుకోకుండా తేదీ మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టటం. అన్నీ చేశాను. ధనలక్ష్మి వాళ్ళ ఊరికి బస్సులో గంట. రెండేళ్ళు ఆ బస్సు ఎక్కలేదు. ఊరంతా తెలుస్తుందని, నా దగ్గరికి మళ్ళీ ఎవరూ రారని భయం. పిరికితనం అంటే ఇదే, దానికి వేరే పేరు పెట్టుకోను.

ధనలక్ష్మి మళ్ళీ వచ్చింది

రెండేళ్ళ తర్వాత ఆమే నా దగ్గరికి వచ్చింది. మూడో నెల. అత్తగారు తోడొచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. పాత కుట్టు చూశాను, బీపీ చూశాను, మందులు రాశాను. తేదీ అడిగితే తిథి చెప్పింది. ఆ తిథి కాగితం మీద రాయబోయి ఆగాను. కలం పక్కన పెట్టి చెప్పేశాను. అప్పుడు నీ తేదీ నేను తప్పుగా లెక్కేశానమ్మా, బిడ్డకి ఇంకా నెలన్నర టైముంది, ముందుగా తీసేశాను, అందుకే ఊపిరందలేదు.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె తన రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూసుకుంది.

"అయితే, ఐసులో చేతులు పెట్టినందుకు కాదా అండీ?"

నాకు అర్థం కాలేదు. అడిగితే చెప్పింది. కడుపుతో ఉండగా ఆరో నెల దాకా రొయ్యల షెడ్డులో పనికి వెళ్ళిందట. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలలు తియ్యటమే పని. ఆ చలి కడుపులోకి దిగి బిడ్డకి ఊపిరి బిగుసుకుపోయిందని అత్తగారు అన్నది. ఇంట్లో అందరూ అదే అన్నారు. బిడ్డని తినేశావు అన్నారు. ఈ రెండేళ్ళూ వాళ్ళ మాటే తనూ నమ్మింది.

కాదమ్మా, దానికీ దీనికీ సంబంధం లేదు, అది నా వల్ల జరిగింది అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకోలేదు. కొంచెం ముందుకు వంగి, మెల్లిగా అడిగింది.

"ఈ మాట మా అత్తకి చెప్తారా అండీ?"

తలుపు తెరిచే ఉంది. బయట బెంచీల మీద పది పన్నెండు మంది ఉన్నారు, అన్నీ చుట్టుపక్కల ఊళ్ళ ముఖాలే. లేచి వెళ్ళి అత్తగారిని లోపలికి రమ్మని, కుర్చీలో కూర్చోబెట్టి, తలుపు వెయ్యకుండానే మొదటినుంచీ చెప్పాను. బయట మాటలు ఆగిపోయాయి. నేను గొంతు తగ్గించలేదు.

అంతా విన్నాక ఆ పెద్దామె నా వైపు చూడలేదు. కోడలి చేతులు రెండూ తన ఒళ్ళోకి లాక్కుని, వేళ్ళు ఒక్కొక్కటే నిమురుతూ కూర్చుంది.